నిచ్చెన కంటే ముందు శిక్షణ: ఒక ఫైర్ ఇంజిన్ల సంస్థ నేర్పే పాఠం



ఫైర్ ఇంజిన్ రోడ్డు మీద వెళ్తుంటే పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. "నాన్నా, ఆ నిచ్చెన ఎంత ఎత్తుకు వెళ్తుంది? ఒరిగి పడిపోదా?" అని మీ చిన్నారి అడిగితే ఏం చెబుతారు? ఈ నెల మీరిద్దరూ కలిసి చదువుకోవడానికి, ఆ ప్రశ్నకు జవాబు వెతికిన ఒక సంస్థ కథ ఇది.

మొదట మనుషులు, తర్వాత యంత్రాలు

జర్మనీలో డాన్యూబ్ నది ఒడ్డున ఊల్మ్ నగరం ఉంది. శాస్త్రవేత్త ఐన్‌స్టీన్ పుట్టిన ఊరు ఇదే. 1824లో కాన్రాడ్ డైట్రిష్ మాగిరుస్ కూడా ఇక్కడే పుట్టారు. ఆయన వృత్తి వ్యాపారం, మనసు మాత్రం ఊరిని అగ్నిప్రమాదాల నుంచి కాపాడటం మీద ఉండేది. ఊల్మ్ స్వచ్ఛంద అగ్నిమాపక దళాన్ని నడిపించారు. 1850లో మంటలు ఆర్పే పద్ధతుల మీద పుస్తకం రాశారు. 1853లో ప్లోఖింగెన్ అనే ఊరిలో పది దళాలను ఒకచోట చేర్చి, అనుభవాలు పంచుకునేలా చేశారు. ఇవన్నీ అయ్యాకే, 1864లో అగ్నిమాపక పరికరాల తయారీలోకి దిగారు. ఆ సంస్థే మాగిరుస్.

గోడ మీద ఆధారపడని నిచ్చెన

మామూలు నిచ్చెనను గోడకు ఆనించాలి. కానీ కాలుతున్న ఇంటి గోడే కూలిపోతే? నిచ్చెనతో పాటు దాని మీదున్న మనిషీ కింద పడతాడు. 1872లో మాగిరుస్ తయారుచేసిన 'ఊల్మ్ నిచ్చెన' ఈ చిక్కు విప్పింది. రెండు చక్రాల మీద కదులుతూ, దేనికీ ఆనకుండా నిలబడి, పైకి సాగేది. 1892 నాటికి 25 మీటర్లు సాగి, పీఠం మీద గుండ్రంగా తిరిగే నిచ్చెన వచ్చింది. దాన్ని గుర్రాలు లాగేవి. తర్వాత గుర్రాల స్థానంలో మోటారు, చెక్క స్థానంలో ఉక్కు వచ్చాయి.

1936లో ఈ సంస్థ డాయిట్జ్ ఇంజిన్ల సంస్థతో కలిసింది. ఆ కాలపు మాగిరుస్-డాయిట్జ్ ట్రక్కుల ముందుభాగంలో ఊల్మ్ చర్చి గోపురాన్ని తలపించే గుర్తు కనిపిస్తుంది. 1975లో ఏర్పడిన ఇవెకోలో అది భాగమైంది. మాగిరుస్ పేరుతో నిచ్చెన వాహనాలు నేటికీ తయారవుతున్నాయి.

ఎందుకు ఒరిగిపోదు?

మీ చిన్నారిని నిటారుగా, కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడమనండి. నిండు నీళ్ల సీసాను చేత్తో పక్కకు చాపి పట్టుకోమనండి. ఒళ్లు అటువైపు లాగినట్టు ఉంటుంది. ఇప్పుడు కాళ్లు ఎడంగా పెట్టమనండి. నిలదొక్కుకోవడం తేలికవుతుంది. ఫైర్ ఇంజిన్ కూడా ఇదే చేస్తుంది. నిచ్చెన చాపే ముందు రెండు పక్కలా ఇనుప కాళ్లు చాచి నేలకు తన్నిపెడుతుంది. అందుకే దానికి తన వెడల్పు కంటే ఎక్కువ చోటు కావాలి.

ఇక మన ఇంటి సంగతి

ఇక్కడే ఈ పాఠం మనకు తగులుతుంది. అపార్ట్‌మెంట్ చుట్టూ దారికి అడ్డంగా కార్లు నిలిపితే, ఎంత గొప్ప నిచ్చెనైనా గేటు బయటే ఆగిపోతుంది. పిల్లలు పడిపోతారన్న భయంతో బాల్కనీకి పూర్తిగా గ్రిల్ బిగిస్తాం. అందులో తెరుచుకునే తలుపు లేకపోతే, నిచ్చెన మీ అంతస్తు దాకా వచ్చినా పాప బయటికి రాలేదు. గ్రిల్‌కు తలుపు పెట్టించండి. దాని తాళంచెవి పెద్దలందరికీ తెలిసిన చోట, పసిపిల్లలకు అందనంత ఎత్తులో ఉంచండి.

ఈ ఆదివారం అరగంట కేటాయించి ఇవి చేయించండి:

- ఫ్లాట్ నంబరు, వీధి పేరు, దగ్గరి గుర్తు తడబడకుండా చెప్పించడం.
- 101, 112 నంబర్లు నోటికి వచ్చేలా చేయడం.
- లిఫ్ట్ ఎక్కకుండా మెట్ల మీదుగా కిందికి దిగించడం.
- పొగ పైకి చేరుతుంది కాబట్టి, నేలకు దగ్గరగా వంగి పాకడం నేర్పించడం.
- కిందికి వచ్చాక అందరూ ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోవడం.
- ఒకసారి బయటికి వచ్చాక, బొమ్మ కోసమైనా పుస్తకాల సంచి కోసమైనా మళ్లీ లోపలికి వెళ్లకూడదని గట్టిగా చెప్పడం.

మాగిరుస్ నిచ్చెన తయారుచేయడానికి ఎన్నో ఏళ్ల ముందే మనుషులకు శిక్షణ ఇచ్చారు. ఫైర్ ఇంజిన్ వచ్చేలోపు గడిచే నిమిషాల్లో మీ పిల్లలకు అక్కరకొచ్చేది కూడా ఆ శిక్షణే. అది ఇంట్లో, మీ చేతుల మీదుగా మొదలవ్వాలి.