మళ్ళీ అదే మైదానానికి: వలస పక్షి తన విడిదిని ఎలా గుర్తుపెట్టుకుంటుంది?

పోర్ట్ బ్లెయిర్‌లోని డైరీ ఫార్మ్‌లో మేము నాలుగేళ్లు ఉన్నాం. విశాఖపట్నం నుంచి ఓడలో దాదాపు మూడు రోజులు పోతేగాని చేరని ఊరు కాబట్టి, మా బంధువుల లెక్కలో మేము పరదేశం వెళ్లినట్టే. మా పక్కింటి పెద్దమ్మది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు పల్లె. ఇంటి ఎదుటి మైదానంలో ఏటా దసరాకు కాస్త ముందు ఒక పిట్ట వచ్చి వాలేది. పావురం కంటే చిన్నది. పొడుగు కాళ్లు, వీపు మీద పసుపు చల్లినట్టు చుక్కలు. నాలుగడుగులు పరుగెత్తి ఠక్కున ఆగేది, పురుగును పొడిచేది, మళ్ళీ పరుగు. "ఒచ్చీసిందిరా నీ పిట్ట!" అని పెద్దమ్మ కేకేసేది. ఉగాది దాటాక దాని ముఖం నుంచి పొట్ట దాకా నల్లబడేది. "ఎండకి మాడిపోనాది" అని ఆమె తీర్పు. తర్వాత కొద్ది రోజులకే అది కనిపించకుండా పోయేది.

పాతికేళ్లు దాటాక ఒక నవంబరులో మళ్ళీ ఆ వీధికి వెళ్లాను. 2024లో నగరం పేరు శ్రీ విజయపురంగా మారింది. మా ఇల్లు లేదు. మైదానంలో సగం మిగిలింది. ఆ సగంలో పిట్ట ఉంది!

అది పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్. అండమాన్‌కు ఏటా వచ్చే శీతాకాలపు అతిథుల్లో బాగా కనిపించేది. గుడ్లు పెట్టేది సైబీరియా, అలాస్కాల టండ్రా నేలల్లో. పెద్దమ్మ ఎండ మీదకు నెట్టిన ఆ నలుపు నిజానికి పెళ్లి బట్టలు. ఉత్తరానికి బయలుదేరే ముందు అది పాత ఈకలు రాల్చి, జత కట్టే కాలపు ఈకలు తొడుక్కుంటుంది.

నేను చూసింది నా చిన్ననాటి పిట్ట మాత్రం కాదు, లెక్క ఒప్పుకోదు. హవాయి దీవుల్లో కాళ్లకు ఉంగరాలు వేసి గమనించిన ఈ జాతి పక్షుల్లో అన్నిటికంటే ఎక్కువ కాలం బతికింది 20 ఏళ్లు దాటి కొద్దికాలమే ఉంది. కానీ మేము అక్కడున్న ఆ నాలుగేళ్లూ వచ్చింది ఒకే పిట్టా? పెద్దమ్మకు అనుమానం లేదు. విజ్ఞాన శాస్త్రానికి మాత్రం ఉండాలి. ఒకే చోట ఏటా ఒక పిట్ట కనిపించినంత మాత్రాన అది అదే పిట్ట అని రుజువు కాదు. మంచి చోటైతే ఎవరైనా వచ్చి దిగవచ్చు. అందుకే ఉంగరం కావాలి.

ఆ ఉంగరాలు హవాయిలో చెప్పిన సంగతి పెద్దమ్మ పక్షానే ఉంది. అక్కడ ఈ ప్లోవర్లలో చాలా భాగం ఏటా అదే పచ్చిక బయలుకు, అందులోనూ తమదిగా పెట్టుకున్న అదే ముక్కకు తిరిగి వస్తాయి. వేరే ప్లోవర్ అడుగు పెడితే తరిమేస్తాయి. పుట్టింది అలాస్కాలో, పట్టా మాత్రం ఇక్కడ అన్నట్టు! దీన్నే సైట్ ఫిడెలిటీ అంటారు. తెలుగులో విడిది విశ్వాసం అనుకోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పుట్టిన చోటు గుర్తుండటం ఒక రకం. అండమాన్, నికోబార్ తీరాల్లో గుడ్లు పెట్టే లెదర్‌బ్యాక్ సముద్ర తాబేళ్లు ఆ రకం. లిటిల్ అండమాన్‌లో ఉపగ్రహ పరికరాలు తగిలించిన ఆడ తాబేళ్లలో కొన్ని ఆస్ట్రేలియా వైపు, కొన్ని ఆఫ్రికా వైపు వెళ్లాయి. ఎంత దూరం పోయినా గుడ్లకు మాత్రం తాము పుట్టిన ప్రాంతపు తీరానికే రావడం వాటి పద్ధతి. అది పుట్టింటి ఆకర్షణ. ప్లోవర్ అండమాన్‌లో పుట్టలేదు. టండ్రాలో తల్లిదండ్రులు ముందే వెళ్లిపోతాయి, పిల్లలు తర్వాత సొంతంగా బయలుదేరతాయి. దారి చూపే పెద్ద దిక్కు లేదు. మరి ఈ పరాయి నేల మీద మమకారం వాటికి ఎక్కడిది?

ఈ ప్రశ్నకు చక్కటి జవాబు డచ్ శాస్త్రవేత్త ఎ.సి. పెర్డెక్ 1958లో ప్రచురించిన ప్రయోగంలో దొరుకుతుంది. ఆయన పని చేసింది ప్లోవర్ల మీద కాదు, మన గోరింకకు దగ్గరి చుట్టమైన స్టార్లింగ్‌ల మీద. ఇవి శరదృతువులో నెదర్లాండ్స్ మీదుగా నైరుతి దిక్కుకు ఎగిరి ఉత్తర ఫ్రాన్స్, దక్షిణ ఇంగ్లండ్ ప్రాంతాల్లో శీతాకాలం గడుపుతాయి. పెర్డెక్ బృందం హేగ్ దగ్గర 11 వేలకు పైగా పక్షులను పట్టి, ఉంగరాలు వేసి, విమానంలో స్విట్జర్లాండ్‌కు తీసుకుపోయి వదిలింది. అంటే దారికి పక్కగా దాదాపు 600 కిలోమీటర్లు జరిపేశారన్నమాట.

అంతకు ముందు ఒకసారైనా ప్రయాణం చేసిన పెద్ద పక్షులు దిక్కు మార్చుకున్నాయి. వాయవ్యానికి తిరిగి, తమకు అలవాటైన విడిది వైపు సాగాయి. మొదటిసారి బయలుదేరిన పిల్లలు మాత్రం పుట్టుకతో వచ్చిన దిక్కునే పట్టుకుని నేరుగా పోయి దక్షిణ ఫ్రాన్స్‌లో, స్పెయిన్‌లో తేలాయి. పొరపాటు చోటు అనుకుంటాం. కానీ అసలు విషయం మరుసటి ఏళ్లలో బయటపడింది. ఆ పిల్లలు వేసవికి తమ పుట్టిన ప్రాంతానికి వెళ్లి, మళ్ళీ శీతాకాలానికి ఆ పొరపాటు చోటికే వచ్చాయి!

అంటే వంశపారంపర్యంగా వచ్చేది దిక్కు, దూరం. ఊరు కాదు. ఊరు మొదటి శీతాకాలంలో నేర్చుకునేది. ఒక్కసారి కడుపు నిండి, ప్రాణం నిలిచిన చోటు మనసులో పటంలా అచ్చవుతుంది. ఆపై అది పరదేశం కాదు.

ఆ పటం ఎంత గట్టిదో కాలిఫోర్నియాలో ఎల్. రిచర్డ్ మ్యూవాల్ట్ 1964లో చూపించారు. సాన్ హోసేలో శీతాకాలం గడిపే వైట్ క్రౌన్డ్ స్పారో అనే చిన్న పిట్టలను ఆయన విమానంలో దేశానికి అటు చివరి మేరీలాండ్‌కు పంపారు. దూరం దాదాపు 4,000 కిలోమీటర్లు. వేసవి గడిచి శీతాకాలం వచ్చేసరికి వాటిలో కొన్ని మళ్ళీ సాన్ హోసేలోనే దొరికాయి.

ఈ రాకపోకలను ఇప్పుడు జియోలొకేటర్ అనే చిన్న పరికరంతో నమోదు చేస్తున్నారు. బరువు ఒక గ్రాము అటూ ఇటూ. అది చేసేది ఒక్కటే: వెలుతురు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అని రాసుకోవడం. దాని నుంచి చోటు ఎలా తెలుస్తుంది? డైరీ ఫార్మ్‌లో ఉన్నవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. చలికాలంలో అక్కడ అయిదు దాటగానే పొద్దు వాలుతుంది. దేశమంతటికీ గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం తూర్పున ముందే వస్తాడు. విశాఖపట్నం 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, పోర్ట్ బ్లెయిర్ 92.7 డిగ్రీల మీద ఉన్నాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, అండమాన్‌లో మిట్టమధ్యాహ్నం దాదాపు 38 నిమిషాలు ముందే అవుతుంది. అలా మధ్యాహ్నపు వేళ రేఖాంశాన్ని చెబుతుంది, పగటి నిడివి అక్షాంశాన్ని చెబుతుంది. పగలూ రాత్రీ అన్నిచోట్లా సమానమయ్యే మార్చి, సెప్టెంబరు చివరి రోజుల్లో మాత్రం అక్షాంశం లెక్క తప్పుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, ఇలాంటి పరికరాలు చాలావరకు సమాచారాన్ని ప్రసారం చేయవు. పక్షిని మళ్ళీ పట్టుకుని విప్పితేనే కథ తెలిసేది. పిట్ట అదే చోటికి తిరిగి వస్తుందన్న నమ్మకం మీదే ఈ చదువంతా నడుస్తోంది.

చోటే మారిపోతే?

పక్షి వస్తుంది సరే, చోటు ఉండాలి కదా. నగరం శివార్లలోని సిప్పిఘాట్ మా రోజుల్లో పంట పొలాలు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి పోర్ట్ బ్లెయిర్ ప్రాంతపు నేల దాదాపు ఒక మీటరు కుంగింది. సునామీ నీరు వెనక్కి పోయినా, కుంగిన పొలాల్లోకి పోటు నీళ్లు వస్తూనే ఉన్నాయి. రైతులకు అది తీరని నష్టం. ఆ బురదలో మాత్రం ఉల్లంకులు, కొంగలు, ప్లోవర్లు దిగాయి. ఇప్పుడది పక్షుల్ని చూసేవారికి పేరున్న చోటు. అక్కడ మొదటి శీతాకాలం గడిపిన పిల్లకు పొలాల సంగతి ఏం తెలుసు? దానికి తెలిసిన సిప్పిఘాట్ ఈ నీళ్లే. నాకు అక్కడ పోయింది కనిపించింది, దానికి ఉన్నది కనిపించింది.

ప్రతిసారీ కథ ఇలా మలుపు తిరగదు. దక్షిణ కొరియాలోని సేమాంగుమ్ బురద తీరం, ఆస్ట్రేలియాకు వెళ్లి వచ్చే గ్రేట్ నాట్ అనే ఉల్లంకులకు పెద్ద మజిలీ. 2006లో 33 కిలోమీటర్ల సముద్రపు గోడ కట్టి దాన్ని మూసేశారు. పక్కనున్న తీరాలకు మళ్లుతాయిలే అనుకున్నారు. పోయిన సంఖ్యలో అవి అక్కడ తేలలేదు. ఆస్ట్రేలియాలో వాటి లెక్క తగ్గింది. ఇప్పుడా జాతి అంతరించే ప్రమాదమున్న జాబితాలో ఉంది. ఒకే చోటును నమ్ముకోవడం పక్షికి బలం, దారి మధ్య ఆ చోటు మాయమైతే అదే దాని ముప్పు.

మన దేశంలో పక్షులకు ఉంగరాలు వేసే పనిని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ దశాబ్దాలుగా చేస్తోంది. మీ ఊరి చెరువు గట్టునో, ఉప్పు మడుల్లోనో కాలికి ఉంగరమో రంగు పట్టీయో ఉన్న పక్షి కనిపిస్తే దగ్గరికి పోయి బెదరగొట్టకండి. ఫొటో తీయండి. ఏ కాలికి ఉంది, ఏ రంగు, ఏ అక్షరాలు, ఏ తేదీ, ఏ చోటు అన్నవి రాసి ఆ సంస్థకు పంపండి.

డైరీ ఫార్మ్ మైదానంలో ఆ సాయంత్రం నేను అరగంట కూర్చుని ప్లోవర్ కాళ్లనే చూశాను. రెండూ ఖాళీ. అయిదు దాటింది, పొద్దు వాలింది, అది ఇంకా పరుగెత్తుతూనే ఉంది.