చందా, నకాషీ, మిరాశీ

‘చందా’ అను మాట తెలుగునకు ఉర్దూ నుండి వచ్చినది. మసీదు మరమ్మతుకైనను, శ్రీరామనవమి పందిరికైనను మన కుకునూరుపల్లిలో వినిపించునది ఆ మాటయే. ఇప్పుడు కళాకారులు ఇంటర్నెట్టు ద్వారా పదిమంది వద్ద చందాలు పోగుచేసి, పని సగములో ఉండగానే దానిని వారికి చూపుచున్నారు. అమెరికాలో 2009లో కిక్‌స్టార్టర్, 2013లో పేట్రియాన్ అను సంస్థలు ఇందులకై వెలసినవి. ఇది సరిక్రొత్త పద్ధతి యని విద్యార్థి మిత్రులు భావించుట సహజమే. కాని మన సిద్దిపేట జిల్లాలోనే యున్న చేర్యాలను తలచుకొన్నచో ఆ భావన కొంత మారును.

చేర్యాలలో పటములు వ్రాయువారిని నకాషీలందురు. ఇదియు అరబ్బీ ‘నఖ్ఖాష్’ నుండి వచ్చిన పేరే. వారు పూర్వము అంగడి కొరకు పటములు వ్రాసెడివారు కారు. కథ చెప్పువారు వచ్చి అడిగినప్పుడే వ్రాసెడివారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పు కూనపులివారు, గౌడులకు కథ చెప్పు గౌడజెట్టివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పు కాకిపడగలవారు, మాదిగలకు జాంబ పురాణము చెప్పు డక్కలివారు పటము పట్టుకొని ఊరూర తిరిగెడివారు. ఏ ఊళ్ళపై ఎవరికి హక్కు గలదో మిరాశీని బట్టి నిర్ణయమై యుండెను. ఆయా కులములవారిచ్చిన ధాన్యము, రూకలే వారి జీవనాధారము. నకాషీకి ముట్టిన మూల్యమును అందుండియే. అనగా ఒక్కొక్క పటము వెనుక నిలిచినది ఒక ధనికుడు కాదు, అనేక గృహముల గుమ్ములు.

ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూయుదురు. అది ఆరిన పిమ్మట గీతలు, ఎఱ్ఱని నేపథ్యము, తక్కిన రంగులు. వెడల్పు మూడడుగులే యైనను పొడవు 30 అడుగులు దాటుట కద్దు. కథ పైనుండి క్రిందికి అడ్డపట్టీలుగా నడచును. కథకునికి అదియే పుస్తకము గనుక ఒక ఘట్టము తప్పినచో కథయే తప్పును. ఏ ఘట్టము ఎచ్చట రావలెనో చెప్పవలసినవాడు అతడే. దేవతామూర్తుల కన్నులు మాత్రము చివరన దిద్దుదురు. ఆ పిమ్మటనే పటము పూజార్హము. శిథిలమైన పటమును నదిలో విడుచుట ఆచారము.

ఇచ్చట మాకు తోచిన దొకటి గలదు. చందా ఇచ్చినవానికి సగము పని చూపుట యనగా వాని చేతికి కుంచె నిచ్చుట కాదు. కథాక్రమము పోషకునిది, గీతయు రంగును నకాషీవి. నేటి చందాదారులకును కళాకారులకును నడుమ ఈ హద్దు ఇంకను స్థిరపడలేదు. అటులని పాత ఏర్పాటును పొగడుటకు మాకు మనసొప్పుట లేదు. అది కులముపై నిలిచినది. ఏ కులమును అడుగని కథ బట్టమీది కెక్కుట దుర్లభము.

వేరొక మార్గమును లేకపోలేదు. తిరుమలగిరిలో జన్మించి నిజాం కళాశాలలో చదివిన శ్యామ్ బెనెగల్ 1976లో ‘మంథన్’ చిత్రమును తీసినప్పుడు గుజరాతు పాడిరైతులు ఐదు లక్షలమంది తలకు రెండు రూపాయలిచ్చిరి. చిత్రము వెలువడిన పిదప లారీలపై వచ్చి చూచిరి. అయితే వారు చూచినది పూర్తియైన పనిని.

సినిమా, టెలివిజను వచ్చిన పిదప కథకులు తగ్గిరి. చేర్యాల నకాషీలు ఇప్పుడు గోడకు వ్రేలాడదీయు చిన్న పటములును, రంపపుపొట్టు, చింతగింజల అంబలి కలిపిన ముసుగులును చేయుచున్నారు. కొనువారికి పని సగములో ఎట్లుండునో తెలియదు. కన్నులు లేని మూర్తిని వారు చూచి యుండరు.

కళాశాల సంఘమువారు అనుమతించినచో విద్యార్థులము తలకింత చందా వేసికొని ఒక పటము వ్రాయింపవచ్చును. గీతలు పడినప్పు డొకమారు, కన్నులు దిద్దుటకు ముం దొకమారు మనము చేర్యాల వెళ్ళి రావలెను. ఏ కథ వ్రాయింపవలెనో ఉర్దూ, తెలుగు విద్యార్థులము కలిసి కూర్చుండి తేల్చుకొనవలసి యున్నది.