పెద్దను ప్రశ్నించువారెవరు?

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 18:13–27, సంఖ్యాకాండము 11:10–17.



పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు, ఆసుపత్రిలో నర్సులపై పెద్ద, సహకార సంఘములో కార్యదర్శి, బ్యాంకులో మేనేజరు, వీరిలో ఎవరినైనను తలంచుకొనుడి. తమ క్రింద పనిచేయువారికి జవాబు చెప్పుట వీరి వంతు. అయితే వీరికే సందేహము కలిగినయెడల ఎవరి నడుగుదురు? క్రిందివారి నడిగిన చులకన అగుదుమను భయము. పైవారి నడిగిన చేతకానివారమని యెంచుదురను భయము. గనుక తెలియనిదానిని తెలిసినట్లు నటించి, తప్పును మూటగట్టి అటకపై పెట్టుదురు. ఆ మూట విప్పబడిన దినమున నష్టపోవువారు బడిపిల్లలు, రోగులు, అప్పుకొరకు వచ్చిన రైతులు.

ఇట్టి పెద్దలు పదవిలో సమానులైన కొందరితో కూడి నేర్చుకొను పద్ధతి యొకటి కలదు. నేడు దానిని గ్రూపు కోచింగు అనుచున్నారు. మన పిల్లలు పరీక్షలకై వెళ్లు కోచింగు వేరు, ఇది వేరు. అక్కడ ఉపాధ్యాయుడు చెప్పును, పిల్లలు వ్రాసికొందురు. ఇక్కడ ఒకరి నొకరు ప్రశ్నించుటయే పాఠము.

1. యిత్రో అడిగిన ప్రశ్న

మోషే ప్రొద్దుటినుండి ప్రొద్దుగ్రుంకువరకు ఒంటరిగా తీర్పు తీర్చుచుండగా, అతని మామ యిత్రో మొదట చూచెను, తరువాత ప్రశ్నించెను, అటుపిమ్మటనే ఆలోచన చెప్పెను. ఈ వరుసను గమనించుడి. మనలో అనేకులము చూడకమునుపే ఆలోచన చెప్పుదుము. ప్రశ్నించుట బొత్తిగా మరతుము.

యిత్రో మాట మంచిదే, మోషే దానిని వినెను. కాని యిత్రో తన దేశమునకు తిరిగి వెళ్లిపోయెను. సంఖ్యాకాండము 11వ అధ్యాయములో మోషే మరల భారముక్రింద నలిగి, ఒంటరిగా మోయలేనని మొఱ్ఱపెట్టుట చూచుచున్నాము. అప్పుడు డెబ్బదిమంది పెద్దలు ఆ భారములో పాలివారైరి. ఒకసారి వచ్చి పోవు ఆలోచనకర్త మేలే. అయితే విడువక ప్రక్కన నిలుచు తోడు అంతకంటె మేలు.

2. బొగ్గుగనులలో జరిగిన సంగతి

ఇంగ్లాండులో రెజినాల్డ్ రెవాన్స్ (1907–2003) అను నొకరుండిరి. ఆయన యౌవనమున కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో భౌతికశాస్త్రము నభ్యసించెను. అక్కడ గొప్ప శాస్త్రజ్ఞులు వారము వారము కూడి, తాము సాధించినదానిని చాటుకొనుటకు బదులు, తమకు చిక్కువిడనిదానిని ఒకరి యెదుట ఒకరు ఒప్పుకొనుచుండుట ఆయన చూచెను.

1940ల దశకములో ఆయనకు బొగ్గుగనుల పరిశ్రమలో విద్యాశాఖ అప్పగింపబడెను. 1947లో ఆ దేశపు గనులు ప్రభుత్వపరమైనవి. గని మేనేజర్లకు పండితులచేత ఉపన్యాసములు చెప్పించుటకంటె, వారిని చిన్న గుంపులుగా కూర్చుండబెట్టి, తమ గనులలోని చిక్కులను ఒకరితో నొకరు విప్పుకొననిచ్చుట మేలని ఆయన తలంచెను. గని లోపల పని యెరిగినవాడు అడుగు ప్రశ్న మరియొక గని పెద్దకు సూటిగా తగులును గదా! పుస్తకములలోని తెలివికి మంచి ప్రశ్న తోడైనప్పుడే నేర్చుకొనుట జరుగునని ఆయన బోధించెను.

తరువాత ఆయన మాంచెస్టరు ప్రాంతపు ఆసుపత్రులను పరిశీలించి, 1964లో ఒక గ్రంథము ప్రకటించెను. ప్రశ్నించుటకు చిన్న నర్సులు జంకు ఆసుపత్రులలో, నర్సులు పని విడిచి పోవుటయు, రోగులు ఎక్కువ దినములు మంచము పట్టి యుండుటయు ఆయన కనుగొనెను. పెద్దలు వినుటకును రోగి లేచి నడచుటకును ఎంత సంబంధమున్నదో చూడుడి!

మేమును ఈ విషయములో తప్పినవారమే. కూటము ముగించుచు, ఎవరికైన సందేహమున్నదా యని అడిగి, అందరు ఊరకుండగా, అందరును ఒప్పుకొనిరని వ్రాసికొంటిమి. ఆ మౌనము సమ్మతి కాదు, జంకు అని చాల ఆలస్యముగా తెలిసినది.

3. కూడుకొను విధము

అయిదుగురు మొదలు ఎనిమిదిమంది చాలును. నెలకొకసారి కూడవలెను. ఒకరు తమ చిక్కును దాచక చెప్పవలెను. తక్కినవారు వెంటనే సలహా ఇయ్యక ప్రశ్నలే వేయవలెను: ఇది ఎప్పుడు మొదలైనది? నీవు ఇంతవరకు ఏమి చేసితివి? ఎవరితో మాటలాడుటకు వెనుదీయుచున్నావు? చివరకు ఆ వ్యక్తి తాను చేయబోవు ఒక పనిని అందరియెదుట చెప్పి, మరుసటి కూటములో దాని ఫలితమును తెలుపవలెను. నడిపించు శిక్షకుడు మాటలాడుట తక్కువ, వినుట యెక్కువ.

4. కలుగు మేలు

మొదటిది, ఈ చిక్కు నాకు మాత్రమే కాదని తెలిసి ఒంటరితనము తొలగును. రెండవది, పొరుగువానికి వేసిన ప్రశ్న మనకును తగులును. వాని వంతు వచ్చినప్పుడు మనమును నేర్చుకొందుము. మూడవది, తోటివారి యెదుట పలికిన మాటను వాయిదా వేయుట కష్టము. నాలుగవది, ఒక్కొక్కరికి ఒక్కొక్క శిక్షకుని పెట్టుకొను వ్యయము తగ్గును.

5. జాగ్రత్తలు

కూటములో విన్నది గడప దాటరాదు. ఒక్క మాట బయటికి పొక్కినను మరల ఎవరును నోరు తెరువరు. అధికారిని, అతని క్రింద పనిచేయువానిని ఒకే గుంపులో చేర్చరాదు. క్రిందివాని నోట నిజము రాదు. ఇది తప్పులు విచారించు పంచాయతీ కాదు. మరియు లోతైన దుఃఖముతోనో వ్యాధితోనో ఉన్నవారికి గుంపు చాలదు. వారిని వైద్యుని యొద్దకు నడిపింపవలెను.

ప్రియులారా, మీ మండలములోని నలుగురైదుగురు ప్రధానోపాధ్యాయులో, సంఘ కార్యదర్శులో నెలకొక సాయంకాలము ఒక వరండాలో చాప పరచుకొని కూర్చున్న చాలును. ఇనుము ఇనుమునకు పదును పెట్టునన్న సామెతల గ్రంథపు మాట మనమెరిగినదే. అయితే పెట్టెలో దాచిన కత్తికి పదును రాదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. యిత్రో ఆలోచన చెప్పకమునుపు ఏమి చేసెను?
2. మీ పనిలో మీరు ఇంతవరకు ఎవరికిని చెప్పక దాచిన చిక్కు ఏది?
3. దానిని విని, సలహాకు తొందరపడక, ప్రశ్న వేయగల ముగ్గురు ఎవరు? ఈ నెలలో వారిని పిలుతురా?