కౌలు వదిలేసిన ఏడాది

నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే అంటారు: "మా వాడికి ఏదో అయిందండీ." ఆ వాడికి పన్నెండేళ్లుంటాయి. నిరుటిదాకా బడి నుంచి రాగానే సంచి అరుగు మీద పడేసి చేలోకి పరుగెత్తినవాడు. ఇప్పుడు గుంటూరులో రెండు గదుల అద్దె ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. లెక్కల్లో మార్కులు పడిపోయాయి. తమ్ముణ్ణి ఊరికే కొడుతున్నాడు. ఎప్పుడో మానేసిన అలవాటు మళ్లీ వచ్చి పక్క తడుపుతున్నాడు. ఈ చివరి మాట చెప్పేటప్పుడు తల్లి గొంతు తగ్గించేస్తుంది.

ఎప్పటినుంచి అని అడుగుతాను. తల్లి వేళ్ల మీద నెలలు లెక్కపెడుతుంది. తండ్రి నేల చూస్తూ ఉంటాడు. లెక్క తేలేసరికి అది సరిగ్గా పొలం కౌలు వదిలేసి ఊరి నుంచి వచ్చేసిన నెల దగ్గర ఆగుతుంది.

2021-22లో నల్ల తామర పురుగు మన గుంటూరు, ప్రకాశం మిరప తోటల్లో పూతలోకి దూరి పూతంతా రాల్చేసింది. ఆ తర్వాత ఇలాంటి ఇళ్లను నేను చాలా చూశాను. పురుగు పడింది చేనులో, నలిగింది పెద్దవాళ్లు, మధ్యలో పిల్లాడికేమైంది అని మనకు అనిపిస్తుంది. అలా అనిపించడంలో తప్పేమీ లేదు. వాడికి వేళకు అన్నం పెట్టాం, బడిలో చేర్చాం, అప్పులవాళ్లు వచ్చినప్పుడు వాణ్ణి పక్కింటికి పంపేశాం. మన చేతనైనంతా చేశాం.

నేనూ పత్తి ఊళ్లో పెరిగినదాన్నే. 1987-88లో తెల్లదోమ ప్రకాశం, గుంటూరు పత్తిని ఊడ్చేసినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ చలికాలంలో మా అమ్మ చెవుల దుద్దులు కనిపించకుండా పోయాయి. ఎరువుల కొట్టు బాకీ కింద పోయాయని ఎవరూ నాకు చెప్పలేదు. అంతకు వారం ముందు నేను వాటిలో ఒకటి తీసి ఆడుకున్నాను. అందుకని పోగొట్టింది నేనే అనుకున్నాను. రెండేళ్లు అలాగే అనుకున్నాను. నాన్న మంచం మీద మాట్లాడకుండా కూర్చుంటే నా మీద కోపమనుకున్నాను. వాళ్లు నన్ను ప్రేమించలేదని ఏనాడూ అనను. నన్ను బాధ తాకకూడదనే ఆ మాట దాచారు.

తర్వాత పన్నెండేళ్లు బడిలో పాఠాలు చెప్పాను. మనస్తత్వ శాస్త్రం చదివి, కుటుంబాలకు కౌన్సెలింగ్ ఇచ్చే ఈ పనిలోకి ఆలస్యంగా వచ్చాను. కుటుంబం మొత్తాన్ని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడే పద్ధతికి దారి వేసినవాళ్లలో ఒకరైన వర్జీనియా సతీర్ కూడా అమెరికాలో మొదట బడిలో టీచరే. మన దేశంలో చూస్తే, 1950లలో డాక్టర్ విద్యాసాగర్ అమృత్‌సర్ మానసిక ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల ఇంటివాళ్లను తోడుగా అక్కడే ఉంచారు. ఆ గుడారాల సంగతి చదివినప్పుడు నాకు మిరప కల్లాలు గుర్తొచ్చాయి. పగలంతా కాయ ఎండబెట్టి, రాత్రి మంచుకి పట్టాలు కప్పి, పక్కనే ఇంటిల్లిపాదీ కాపలా పడుకునేవాళ్లం మనం. ఒకరి కష్టానికి అందరూ దగ్గరుండటం మనకు కొత్త కాదు.

అందుకే పిల్లాణ్ణి ఒక్కణ్ణే లోపలికి పంపమని అడగను. "బాగు చేయాల్సింది వాణ్ణి కదండీ, మేమెందుకు?" అంటారు కొందరు. వాడికి వచ్చింది జబ్బో కాదో తర్వాత చూద్దాం, ముందు మీ ఇంటికి ఏం జరిగిందో అందరం కలిసి చూద్దాం అంటాను. ఒక పెద్ద కాగితం మీద తాతల నుంచి మొదలుపెట్టి ఇంటి మనుషుల్ని గీస్తాం. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరు పోయారు, ఎప్పుడు ఇల్లు మారారు. పెన్సిలు పిల్లల చేతికే ఇస్తాను. ఒక పాప తాత బొమ్మ పక్కన మోటారు సైకిలు గీసి, మీద అడ్డంగా గీత కొట్టింది. అది బాగుచేయించడానికి షెడ్డులో పెట్టామని ఇంట్లో చెప్పారట. ఆ పాపకి అమ్మిన రోజు కూడా తెలుసు.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పక తప్పదు. మనం దాచామనుకున్నది పిల్లలకు సగం తెలుస్తుంది. తెలియని సగాన్ని వాళ్లు తమ తప్పుతో పూరించుకుంటారు. ఫీజు అడిగినందుకే నాన్న అలా అయిపోయాడని, కొత్త చెప్పులు అడగకుండా ఉంటే ఊళ్లోనే ఉండేవాళ్లమని. వాళ్ల లోకంలో ప్రతిదానికీ కారణం తామే.

అప్పు ఎంతో, వడ్డీ ఎంతో వాళ్లకు చెప్పనక్కర్లేదు. అది మోయలేని బరువు. "ఈ ఏడు కాయ రాలేదు. అందుకని పొలం వదిలేశాం. ఇందులో నీ తప్పు ఏమీ లేదు. మేమిద్దరం పని చూసుకుంటున్నాం." పన్నెండేళ్లవాడికి ఇంత చాలు. మళ్లీ ఊరికెళ్తామా అని అడిగితే, తెలియకపోతే తెలియదనే చెబుదాం. వచ్చే ఉగాదికి వెళ్తామని అనేసి వెళ్లకపోతే, ఆ తర్వాత మనం చెప్పే నిజాలు కూడా వాడు నమ్మడు.

విలియం బ్రిడ్జెస్ అనే రచయిత 1980లో మార్పుల మీద రాసిన పుస్తకంలో, కొత్తది మొదలయ్యేముందు పాతది ముగియాలని, ఆ రెండింటి మధ్య ఎటూ కాని కాలం ఒకటి ఉంటుందని అన్నాడు. మిరప నారు పీకి నాటినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నాటిన మొక్క కొన్నాళ్లు తల వేలాడేస్తుంది. మార్కులు పడిపోవడం, విసుగు, మౌనం ఆ కాలంలోవే. కొందరికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు. ఈ సమయంలోనే చాలామంది ఇంటి ఇబ్బంది పిల్లాడి కంట పడకూడదని వాణ్ణి హాస్టల్లో వేస్తారు. మంచి ఉద్దేశమే. కానీ ఒక్క ఏడాదిలో ఒకే మొక్కని రెండుసార్లు పీకి నాటుతున్నాం. వీలైతే ఒక ఏడాది ఆగుదాం. ఆగలేకపోతే, ఎందుకు పంపుతున్నామో, ఏ రోజు వచ్చి చూస్తామో చెప్పి పంపుదాం. చెప్పిన రోజు కూలి పోయినా సరే వెళ్దాం.

కొన్ని గుర్తులకు మాత్రం ఆగకూడదు. రెండు వారాలు దాటినా నిద్రా తిండీ సరిగ్గా లేకపోవడం, స్నేహితుల్ని పూర్తిగా వదిలేయడం, ఇష్టమైన వస్తువులు పంచేయడం, చచ్చిపోతే బాగుండునని అనడం. అలా అన్నప్పుడు "నిజంగా అలా అనిపిస్తోందా నాన్నా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, లోపలున్నది బయటికి వస్తుంది. ఇంట్లో మిగిలిన పురుగుమందు డబ్బాలుంటే ఈ రోజే తీసేయండి, తీయలేకపోతే తాళం వేయండి. మన ప్రాంతంలో ఇది అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మానసిక సాయం అందించే టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళకైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు పెద్దవాళ్లకూ పనికొస్తుంది. తండ్రులకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతాను, వాళ్లు తమకోసం ఎవరినీ అడగరు కాబట్టి.

మొదట చెప్పిన ఆ పిల్లాడు (గుర్తులన్నీ మార్చి చెబుతున్నాను) మూడోసారి వచ్చినప్పుడు కాగితం మీద నాన్న పక్కన ఒక కుక్కని గీశాడు. పరువుకి జంకి ఆ కుటుంబం రాత్రికి రాత్రి సామాను ఎక్కించుకుని వచ్చేసింది. కుక్క ఏమైందో వాడికి ఎవరూ చెప్పలేదు. అడిగితే నాన్న బాధపడతాడని వాడూ అడగలేదు. తల్లి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒక ఆదివారం తండ్రి వాణ్ణి బస్సులో ఊరికి తీసుకెళ్లాడు. కుక్క పొరుగువాళ్ల పశువుల కొట్టం దగ్గర ఉంది. వీణ్ణి చూసి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ చేను గట్టు మీద కాసేపు కూర్చుని, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చారు. మరుసటి వారం తండ్రి నాతో అన్నాడు: "దార్లో వాడే అడిగాడండీ, బోరు మోటారు ఎవరికి అమ్మావు నాన్నా అని. చెప్పాను."