వెనకపలక కుళ్లిన పడవ

పాత ఫైబర్ పడవ బేరానికి వెళ్తే అందరూ ముందు ఇంజను తాడు లాగి చూస్తారు. నేనైతే పడవ వెనక్కి వెళ్లి, ఇంజను తల రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపుతాను. దాన్ని బిగించిన వెనకపలక కూడా కదిలిందా, బేరమైనా మానుకోవాలి, కింద చెప్పే పనికైనా సిద్ధపడాలి.

హైదరాబాద్ శివారు మొయినాబాద్‌కు ఓ పక్క గండిపేట చెరువు, ఇంకో పక్క హిమాయత్‌సాగర్. వలలు వేసేవాళ్లు ఇక్కడ ఎక్కువగా తెప్పల మీదే తిరుగుతారు. ఇంజను పడవ కావాలంటే కోస్తాలో వాడి పక్కన పెట్టిన పాతదాన్ని లారీ మీద తెచ్చుకోవాల్సిందే. 2004 సునామీ తర్వాత తీరంలో ఫైబర్ పడవలు బాగా పెరిగాయి. అప్పటివాటికి ఇప్పుడు ఇరవై ఏళ్లు. ఫైబర్ కుళ్లదు గనక పైకి దిట్టంగానే కనిపిస్తాయి. వెనకపలక మాత్రం ఒట్టి ఫైబర్ కాదు. లోపలా బయటా ఫైబర్ పొర, మధ్యలో ఒకటిన్నర అంగుళాల మందాన ప్లైవుడ్. చిన్న ఇంజనైనా బరువుగానే ఉంటుంది. ఆ బరువునూ, అది పడవను తోసే బలాన్నీ మోసేది ఆ చెక్కే.

అది ఎందుకు కుళ్లిందో తెలుసుకోకుండా కొత్త చెక్క పెడితే కొన్నేళ్లకు మళ్లీ ఇదే పని. ఎవరో ఎప్పుడో బోల్టు కోసం రంధ్రం వేసి, లోపలి అంచుకు ఏమీ పూయకుండా బిగించేస్తారు. ఆ సందులోంచి నీరు చుక్కచుక్కగా దిగి, రెండు ఫైబర్ పొరల మధ్య చిక్కుకుని, ఎటూ పోలేక అక్కడే ఉండిపోతుంది. తడీ గాలీ కలిసినచోట బూజు పడుతుంది, ప్లైవుడ్ రేకులు రేకులుగా విడిపోతుంది. అడుగున నీళ్లు వదిలే బిరడా రంధ్రం దగ్గరా అంతే. అందుకే ఈ పనిలో చెక్క మార్చడం సగమే. రంధ్రాలు సరిగా మూయడం మిగతా సగం, తొందరపడి చెడగొట్టేదీ ఆ సగాన్నే.

ముందు కుళ్లు ఎంతదాకా పాకిందో చూడాలి. స్క్రూడ్రైవర్ పిడితో పలకంతా తట్టుకుంటూ పోతే గట్టిచోట టక్కుమంటుంది, కుళ్లినచోట మొద్దుగా వినిపిస్తుంది. అనుమానం వచ్చినచోట లోపలివైపు నుంచి సన్న డ్రిల్ బిట్టుతో రంధ్రం వేసి, బిట్టుకు అంటుకుని వచ్చిన పొట్టును వేళ్ల మధ్య నలపండి. లేతరంగులో పొడిపొడిగా రాలితే చెక్క బాగుంది. కాఫీ పిప్పిలా నల్లగా ముద్దకట్టి, పుట్టగొడుగుల వాసన వేస్తే పోయినట్టే. మూలమూలనా చూడండి. బిరడా దగ్గర కుళ్లి పైన బాగుంటే కిందిభాగమే మారుద్దామన్న ఆశ పుడుతుంది. నా మాట వింటే మొత్తం మార్చేయండి, అతుకు చెక్క మీద ఇంజను పెట్టడం మంచిది కాదు.

ఈ పనికి మార్చి నుంచి మే దాకా కాలం. మా చేవెళ్ల వైపు ఎండకు చెక్కా ఫైబరూ బాగా ఆరతాయి. వాన మొదలయ్యాక తడి గాలిలో రెసిన్ పట్టు దొరకదు. చెరువుగట్టు మీద మాత్రం చేయొద్దు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయాలివి. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి, నగరానికి తాగునీళ్లిచ్చాయి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో తెచ్చిందే ఆ నీటి కోసం. ఫైబర్ పొడి, థిన్నరు ఆ నీళ్లలోకి పోకూడదు. పడవను ట్రాలీ మీద ఊళ్లోకి తెచ్చి నీడపట్టున పెట్టుకోండి. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల నీడ చూస్తే మనసు అక్కడికే లాగుతుంది. కానీ మర్రిపళ్ల కోసం వచ్చే పిట్టలు తడి రెసిన్ మీద ఏం వదులుతాయో వేరే చెప్పక్కర్లేదు. టార్పాలిన్ పందిరే మేలు.

కోత లోపలివైపు నుంచే. బయటి పొరను తాకొద్దు, పలక ఆకారాన్ని పట్టి ఉంచేది అదే. లోపలి పొరను చుట్టూ రెండు మూడు అంగుళాల అంచు వదిలి, గ్రైండర్‌తో ఆ పొర మందం మేరకే కోసి ఊడదీయాలి. కుళ్లిన చెక్క చేత్తోనే ఊడివస్తుంది, గట్టిగా మిగిలిన మూలలకు ఉలి కావాలి. అంచు వెనక దాక్కున్న చెక్కనూ గీకి తీయండి. తర్వాత బయటి పొర లోపలి ముఖాన్ని నలభై నంబరు గరుకు కాగితపు డిస్కుతో మెరుపు పోయేదాకా రుద్ది, ఎసిటోన్ గుడ్డతో తుడవాలి. మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పవు. ఆ పొడి ఒంటికి తగిలితే రాత్రంతా దురదే.

ప్లైవుడ్ కొనేటప్పుడు ఐఎస్ 710 ముద్ర చూడండి, అది మెరైన్ ప్లై. ఇంట్లో అల్మరాలకు వాడే ఐఎస్ 303 సరుకు చవగ్గా వస్తుంది, ఇక్కడ పనికిరాదు. అట్టముక్కతో నమూనా కోసుకుని, పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లై రెండు పలకలు కోసి, మధ్యలో ఫైబర్ మ్యాట్ పెట్టి రెసిన్‌తో అతికిస్తే పాత మందం వస్తుంది. పాత చెక్క మందం ముందే కొలిచి రాసుకోండి. పలక మరీ మందమైతే ఇంజను క్లాంపులు పట్టవు. ప్లై అంచులకు రెసిన్ రెండు మూడుసార్లు పట్టించాలి, నీళ్లు తాగేవి అంచులే.

రెసిన్ కలపడంలో ప్రాణం మీదికొచ్చే విషయం ఒకటుంది. మన దుకాణాల్లో పాలిస్టర్ రెసిన్‌తోపాటు కోబాల్టు, కాటలిస్టు వేర్వేరు సీసాల్లో ఇస్తారు. ఆ రెండూ నేరుగా కలిస్తే భగ్గున మండుతాయి, పేలొచ్చు కూడా. కోబాల్టును ముందు రెసిన్‌లో బాగా కలిపాకే కాటలిస్టు వేయాలి, నూటికి ఒకటి రెండు పాళ్లు. మే ఎండలో ఒక పాలు చాలు. అరలీటరుకు మించి ఒకేసారి కలపొద్దు, డబ్బాలోనే వేడెక్కి పొగలు కక్కుతుంది. మిగిలిన డబ్బాను ఎండుగడ్డి మీద పెట్టొద్దు.

ఇక అతికింపు. రెసిన్‌లో టాల్కం పొడి, కత్తిరించిన మ్యాట్ ముక్కలు కలిపి చిక్కటి ముద్ద చేసి, బయటి పొర లోపలి ముఖం మీద దట్టంగా పూసి, చెక్కను నొక్కిపెట్టాలి. రెండువైపులా పాలిథిన్ కాగితం చుట్టిన బద్దలు వేసి క్లాంపులు బిగించండి. చుట్టూ ముద్ద సన్నగా బయటికొస్తే లోపల ఖాళీ లేనట్టు. ఇంకా బిగిస్తే ముద్దంతా కారిపోయి పట్టు చెడుతుంది. మర్నాడు మూలల్లో అదే ముద్దతో గుండ్రటి ఒంపు చేయాలి, మ్యాట్ లంబకోణంలో మడిస్తే కింద గాలి నిలుస్తుంది. దాని మీద మ్యాట్, రోవింగ్ గుడ్డ, మళ్లీ మ్యాట్. ఒక్కో పొర కిందిదాని కన్నా రెండు అంగుళాలు ఎక్కువగా పడవ పక్కలకూ అడుక్కూ పాకాలి. రోలర్‌తో గాలిబుడగలు పోయేదాకా దొర్లించండి.

చివరగా రంధ్రాలు. బోల్టు పన్నెండు మిల్లీమీటర్లదైతే పద్దెనిమిది మిల్లీమీటర్ల రంధ్రం వేసి, ఓవైపు టేపు అంటించి, ఎపాక్సీ ముద్దతో నింపండి. పాలిస్టర్ మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది, ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా పట్టదు, అందుకే దీన్ని ఆఖరున పెట్టుకోవాలి. గట్టిపడ్డాక మధ్యలో పన్నెండుతో మళ్లీ రంధ్రం వేస్తే బోల్టు చుట్టూ ఎపాక్సీ గొట్టమే ఉంటుంది, చెక్క ఎక్కడా తగలదు. బిరడా రంధ్రానికీ, లైటు తీగ దూరే సందుకూ, చిన్న స్క్రూకూ ఇదే పద్ధతి. తర్వాత సీలెంట్ పూసి, వెడల్పాటి స్టీలు వాషర్లు వేసి బిగించండి.

మొదటి వారం పడవ నడిపాక బోల్టులు ఒకసారి సరిచూసుకోవాలి. ఏడాదికి ఒక్క బోల్టయినా విప్పి, రంధ్రంలోకి గుడ్డ చుట్టిన తీగ పెట్టి చూడండి. తడి అంటితే ఆ రంధ్రం ఒక్కటీ మళ్లీ నింపుకుంటే సరిపోతుంది.