ఒకే స్టోరేజ్ పూల్, రెండు సర్వర్లు: డేటా ఎక్కడ పాడవుతుంది?

మీ దగ్గర మూడు సర్వర్లు ఉన్నాయనుకోండి. ఒక్కోదానిలో 4 టీబీ డిస్క్. డేటాబేస్ నడిచే మొదటిది 3.8 టీబీ దాకా నిండిపోయింది, మిగతా రెండూ తలా 1 టీబీ కూడా దాటలేదు. మొత్తం 12లో సగం పైనే ఖాళీ, కానీ ఆ ఖాళీ మొదటి సర్వర్‌కి అక్కరకు రాదు. అందుకే స్టోరేజ్ పూల్. డిస్కులన్నీ ఒకచోట కలిపేసి, ఏ సర్వర్‌కి ఎంత కావాలో అంత ముక్క నెట్‌వర్క్ మీద ఇవ్వడం అన్నమాట.

ఇక్కడిదాకా ఈజీనే. అసలు తిరకాసు ఒకే ముక్కని రెండు సర్వర్లకి ఇచ్చినప్పుడు మొదలవుతుంది.

ముందు ఒక తేడా తెలియాలి. ఐస్కజీ లాంటి పద్ధతిలో సర్వర్‌కి వెళ్లేది బ్లాకులు. అంటే ఒక ఖాళీ డిస్క్ తనకే బిగించినట్టు సర్వర్ అనుకుంటుంది, దాన్ని తనే ఫార్మాట్ చేసుకుంటుంది. ఎన్ఎఫ్ఎస్‌లో అలా కాదు, వెళ్లేది ఫైళ్లు. డిస్క్‌ని చూసుకునేది అవతలి మెషీన్ ఒక్కటే. మన సర్వర్ "ఈ ఫైల్ ఇవ్వు, ఇది రాసిపెట్టు" అని అడుగుతుందంతే.

ఇప్పుడు ఒకే ఐస్కజీ డిస్క్‌ని రెండు సర్వర్లలో ఈఎక్స్‌టీ4తో మౌంట్ చేశారనుకోండి. మౌంట్ అయిపోతుంది, ఏ ఎర్రర్ రాదు. భయపడాల్సింది దీనికే! ఈఎక్స్‌టీ4ని తయారుచేసిందే "ఈ డిస్క్‌కి యజమానిని నేనొక్కడినే" అనే నమ్మకం మీద. ఏ బ్లాకులు ఖాళీగా ఉన్నాయన్న లెక్కని అది ర్యామ్‌లో పెట్టుకుంటుంది. మొదటి సర్వర్ 5000వ బ్లాక్‌లో ఒక ఫొటో రాస్తుంది. రెండో సర్వర్ ర్యామ్‌లో ఉన్నది పాత లెక్క, దాని ప్రకారం 5000 ఇంకా ఖాళీయే. అది తన లాగ్ ఫైల్‌ని అక్కడే రాసేస్తుంది. ఫొటో పోయింది, రెండు సర్వర్లకీ ఆ సంగతి తెలీదు.

నమ్మకం కుదరకపోతే వర్చువల్‌బాక్స్‌లో చేసి చూడండి. ఫిక్స్‌డ్ సైజ్‌లో ఒక ఖాళీ డిస్క్ తయారుచేసి, దాన్ని షేరబుల్‌గా మార్చి, రెండు ఉబుంటు వీఎమ్‌లకి తగిలించండి. నేను చేసినప్పుడు మొదటి వీఎమ్‌లో పెట్టిన ఫైల్ రెండోదానిలో కనపడనే లేదు. రెండోదానిలో ఇంకో ఫైల్ పెట్టి, రెండింటినీ అన్‌మౌంట్ చేసి మళ్లీ చూస్తే ఒక ఫైల్ పేరే మాయం. (పనికొచ్చే డేటా ఉన్న డిస్క్ మీద ఈ ప్రయోగం వద్దు బాబూ.)

"రెండోదాన్ని రీడ్-ఓన్లీగా మౌంట్ చేస్తే సరిపోతుంది కదా" అని చాలామంది అంటారు. సరిపోదు. మొదటి సర్వర్ వాడుతున్న డిస్క్‌లో జర్నల్ ఇంకా తెరిచే ఉంటుంది. రెండోది దాన్ని చూసి, ఏదో క్రాష్ అయిందనుకుని, జర్నల్‌ని రీప్లే చేస్తుంది. అంటే రీడ్-ఓన్లీ అని చెప్పినా డిస్క్ మీద రాస్తుంది. ఆ రీప్లేని ఆపే ఆప్షన్ ఉంది కానీ, అప్పుడూ పాత క్యాష్ సమస్య అలాగే ఉంటుంది.

మరి నిజంగా ఇద్దరూ రాయాల్సి వస్తే? జీఎఫ్ఎస్2, ఓసీఎఫ్ఎస్2 లాంటి క్లస్టర్ ఫైల్‌సిస్టమ్స్ ఉన్నాయి. వర్చువల్ మెషీన్ల కోసం వీఎమ్‌వేర్‌కి వీఎమ్ఎఫ్ఎస్ ఉంది. జీఎఫ్ఎస్2 లాంటివాటిలో ఒక సర్వర్ రాసేముందు లాక్ తీసుకుంటుంది, మిగతావి ఆగుతాయి. ఒక సర్వర్ లాక్ పట్టుకునే హ్యాంగ్ అయితే? అది ఏ క్షణంలోనైనా లేచి, పాత డేటా రాసేయొచ్చు. అందుకే మిగతా సర్వర్లు దాని పవర్ తీసేయిస్తాయి. దీన్ని ఫెన్సింగ్ అంటారు, ముద్దుపేరు స్టోనిత్. "షూట్ ది అదర్ నోడ్ ఇన్ ది హెడ్"కి పొట్టిరూపం, జోక్ కాదు. ఫెన్సింగ్ లేకుండా క్లస్టర్ ఫైల్‌సిస్టమ్ పెట్టడం కంటే అసలు పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం.

సెఫ్ దారి వేరు. సేజ్ వైల్ శాంటాక్రజ్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది. ఇందులో విడిగా స్టోరేజ్ బాక్స్ అక్కర్లేదు, సర్వర్ల సొంత డిస్కులే పూల్ అవుతాయి. కానీ డీఫాల్ట్‌గా ప్రతి డేటాకి మూడు కాపీలు పెడుతుంది కాబట్టి మన 12 టీబీలో చేతికొచ్చేది 4 టీబీయే. అదీ పూర్తిగా కాదు, డిస్కులు 85 శాతం నిండితే వార్నింగ్, 95 శాతానికి రాయడమే ఆగిపోతుంది. ఇంకో మాట, సెఫ్ ఇచ్చే బ్లాక్ డిస్క్ (ఆర్‌బీడీ) మీద కూడా ఈఎక్స్‌టీ4ని రెండుచోట్ల మౌంట్ చేస్తే ఇదే గొడవ. పంచుకోవాలంటే సెఫ్‌ఎఫ్ఎస్ వాడాలి.

కాలేజ్ ల్యాబ్‌కో, ఇంట్లో రెండు పాత పీసీలకో అయితే నా ఓటు ఎన్ఎఫ్ఎస్‌కే. గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకి 125 ఎంబీ మించి రాదు కాబట్టి వేగం మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. ఒకటి పడిపోతే ఇంకోటి అందుకునేలా, ఒకసారికి ఒకే సర్వర్ మౌంట్ చేసే సెటప్ అయితే ఐస్కజీ, ఈఎక్స్‌టీ4 జోడీ పర్లేదు. కాకపోతే ఎమ్‌ఎమ్‌పీ అనే ఫీచర్ ఆన్ చేసుకోండి, డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. మౌంట్ చేసిన సర్వర్ మామూలుగా 5 సెకన్లకోసారి డిస్క్ మీద ఒక నంబర్ మారుస్తుంటుంది. రెండోది మౌంట్ చేయబోతూ ఆ నంబర్ కదులుతోందని చూసిందంటే, మౌంట్ చేయనంటుంది.