పార్శ్వపు నొప్పి – పథ్యంలో మొదట చూడవలసినది

తలలో తరచు ఒక పక్కనే కణత అదరుచు, వెలుతురు, చప్పుడు సహింపనీయక, వాంతి వచ్చునట్లు చేయు బాధను పార్శ్వపు నొప్పి అందురు. ఆయుర్వేదమున దీనిని అర్ధావభేదకమనియు, నేటి వైద్యులు మైగ్రేన్ అనియు పిలుచుచున్నారు.

ఈ నొప్పితో వచ్చువారు మొదట అడుగునది "ఏమి తినకూడదు?" అని. నేను మాత్రము "ఏ వేళకు తినుచున్నారు?" అని అడుగుదును. చరక సంహిత సిద్ధిస్థానమున దీనికి చెప్పిన కారణములు రూక్షాహారము, తిన్నది అరుగకమునుపే మరల తినుట, తూర్పుగాలి, మంచు, మలమూత్ర వేగములను ఆపుకొనుట, అతిశ్రమ మొదలైనవి. ఫలానా కూర, ఫలానా పండు అని అందు పేరెత్తలేదు. వేళ తప్పిన భోజనము ఈ నొప్పిని రేపునని ఆధునిక వైద్యమును అంగీకరించుచున్నది.

మా ఏన్కూరు ప్రాంతమున మిరపకాయలు ఏరు దినములలో ఈ బాధతో వచ్చు స్త్రీలు ఎక్కువ. నింద మిరప ఘాటుపై వేయుదురు. ఘాటైన వాసనలు కొందరికి పడని మాట నిజమే. కాని వారు తెల్లవారుజామున గ్లాసెడు టీతో బయలుదేరి, మధ్యాహ్నము వరకు ఎండలో వంగి పనిచేయుదురు. చేలో చాటు లేదని మూత్రము ఆపుకొందురు, అందుకే నీరును త్రాగరు. చరకుడు చెప్పిన వేగధారణ, అతిశ్రమ రెండును అక్కడే ఉన్నవి. ఇక మిరపకాయను శిక్షించి ఏమి ప్రయోజనము?

నీడపట్టున ఉండు గృహిణుల సంగతియు ఇంతే. ఒకామె వంకాయ, టమాట, పెరుగు, పులుపు ఒక్కొక్కటే మానివేసి, చారన్నముతో చిక్కి శల్యమై వచ్చినది. నొప్పి మాత్రము తగ్గలేదు. నెలదినములు పుస్తకమున వ్రాయించగా, అది శనివారపు ఉపవాసము నాడును, అందరికి వడ్డించి తాను మూడు గంటలకు తిన్న దినములలోను వచ్చుచున్నదని తేలినది. ఉపవాసము నాడు పాలు, పండ్లు వేళకు తీసుకొనుమంటిని.

పదార్థములకు దోషము లేదని కాదు. మద్యము పలువురికి పడదు. అది కల్లయినను, ఇప్పసారా అయినను. నిలవచేసిన చీజ్ కొందరికి పడదు గాని, మన వంటిండ్లలో అది అరుదు. అజినమోటో విషయమున పరిశోధకులలో ఏకాభిప్రాయము లేదు. చాకొలెట్‌తో ఒక చిక్కు కలదు: నొప్పి రాబోవు ముందు కొందరికి తీపిపై మనసు పోవును, అప్పుడు తిన్నదానిపై నేరము పడును. కాఫీ, టీ మితిమీరినను, అలవాటున్నవారు ఒక్కసారిగా మానినను తలనొప్పి వచ్చును; క్రమముగా తగ్గించవలెను.

అనుమానమున్నచో ఒక్క పదార్థమునే కొన్ని వారములు ఆపి, మరల తిని చూడవలెను. నొప్పి మాత్రలు నెలకు 15 దినములు, మిశ్రమ మాత్రలైతే 10 దినములు మించి నెలల తరబడి మ్రింగినచో ఆ మాత్రలే తలనొప్పిని పెంచును.

శొంఠి అరగదీసి నుదుట పట్టు వేసినచో కొందరికి ఉపశమనము కలుగును. మంట పుట్టినచో కడిగివేయవలెను. అయితే పిడుగు పడినట్లు హఠాత్తుగా వచ్చిన నొప్పి, జ్వరముతో మెడ బిగియుట, మాట తడబడుట, కాలుచేయి పడిపోవుట, 50 ఏండ్లు దాటిన పిదప తొలిసారి వచ్చిన నొప్పి – వీనికి శొంఠి పట్టుతో కాలయాపన చేయరాదు. వెంటనే ఖమ్మముననో కొత్తగూడెముననో ఆసుపత్రికి కొనిపోవలెను.